ఐదు వాట్లా, నలభై వాట్లా? గిటార్ ట్యూబ్ యాంపుల గురించి పాఠకుల ప్రశ్నలు

ఈ నెల మన శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం గిటార్ ట్యూబ్ యాంపుల గురించే, అంటే గిటార్ శబ్దాన్ని ట్రాన్సిస్టర్లకు బదులు వాక్యూమ్ ట్యూబులతో పెంచే యాంప్లిఫయర్ల గురించే ఉన్నాయి. అడిగిన తీరు వేరైనా అన్నిటిలోనూ చిన్నది కొనాలా, పెద్దది కొనాలా అన్న సందేహమే కనిపించింది కనుక వాటిని ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాము.

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో మూడో అంతస్తులో అద్దెకుంటున్నాను. ఆదివారాలు చర్చిలోనూ, అప్పుడప్పుడు స్నేహితులతో కలిసి కాలేజీ వేడుకల్లోనూ ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తుంటాను. ఇంతకాలం ట్రాన్సిస్టర్ యాంపుతో సరిపెట్టుకున్నాను, ఇప్పుడు ట్యూబ్ యాంపు కొనాలని ఉంది. ఐదు వాట్లది కొంటే స్టేజీ మీద వినపడదని ఒకరు, నలభై వాట్లది కొంటే ఇంట్లో పెట్టలేవని మరొకరు అంటున్నారు. నేను ఒక్కటే కొనగలను. ఏది కొనమంటారు?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ వాట్లు పెరిగితే శబ్దం కూడా అదే లెక్కన పెరుగుతుందని అనుకుంటున్నట్టున్నారు. చెవి లెక్క వేరుగా ఉంటుంది. యాంపు శక్తి రెట్టింపైతే శబ్దం 3 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణం) మాత్రమే పెరుగుతుంది. అది రెండింతలైనట్టు మనకు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే శక్తి పది రెట్లు కావాలి. ఐదు వాట్ల నుంచి నలభై వాట్లకు వెళ్తే వచ్చే తేడా 9 డెసిబెల్స్. ధర, బరువు ఎన్నో రెట్లు పెరిగినా స్పీకరు ఒకటే అయితే నలభై వాట్ల యాంపు ఐదు వాట్లదానికి రెండింతల శబ్దం కూడా పూర్తిగా ఇవ్వదు.

స్పీకరు ఒకటే అయితే అన్న మాటను గమనించండి. ఒక వాటు శక్తి ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిచినప్పుడు కొన్ని గిటార్ స్పీకర్లు 95 డెసిబెల్స్ ఇస్తే, సెలెస్టియన్ వింటేజ్ 30 వంటివి 100 డెసిబెల్స్ దాకా ఇస్తాయి. ఆ 5 డెసిబెల్స్ తేడాను వాట్లలో భర్తీ చేయాలంటే యాంపు శక్తిని మూడు రెట్లకు పైగా పెంచాలి. ఐదు వాట్ల యాంపుల్లో సాధారణంగా ఎనిమిది అంగుళాల స్పీకరు, చిన్న పెట్టె, ట్యూబుల శక్తిని స్పీకరుకు అందించే చిన్న అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటాయి. వాటిలో కింది స్వరాలు పలచగా వినిపించడానికి వాట్లు తక్కువ కావడం కన్నా ఈ మూడూ చిన్నవి కావడమే పెద్ద కారణం. దుకాణంలో రెండు యాంపులను పక్కపక్కన పెట్టి విన్నవారు వాట్ల తేడా విన్నామనుకుంటారు గాని, చాలాసార్లు వారు వింటున్నది స్పీకరు తేడానే.

అలాగని వాట్లతో పనే లేదని కాదు. శబ్దం ఎంతవరకు శుభ్రంగా నిలుస్తుందో, ఎక్కడినుంచి చిట్లడం, అంటే గరుకెక్కడం మొదలవుతుందో నిర్ణయించేది వాట్లే. గిటార్ నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని 12ఏఎక్స్7 వంటి ప్రీయాంప్ ట్యూబులు పెంచితే, పవర్ ట్యూబులు దాన్ని స్పీకరును కదిలించే శక్తిగా మారుస్తాయి. ఆ పవర్ ట్యూబులు తమ హద్దును చేరినప్పుడు సంకేత తరంగాల శిఖరాలను ట్రాన్సిస్టర్లలా ఒక్కసారిగా తెగ్గొట్టకుండా మెల్లగా చదును చేస్తాయి; మనం ట్యూబు ధ్వని అని మురిసిపోయేది చాలావరకు ఆ చదునునే. ఫెండర్ చాంప్ వంటి యాంపులో ఒకే ఒక్క 6వి6 ట్యూబు ఐదు వాట్ల దగ్గర ఆ హద్దును చేరుతుంది. అదే సంస్థ చేసిన ట్విన్ రివర్బ్‌లో నాలుగు 6ఎల్6 ట్యూబులు ఉంటాయి కనుక 85 వాట్ల దాకా శుభ్రంగానే నడుస్తుంది. వాల్యూమ్ ఎంత పెట్టినా చిట్లకూడదనుకునేవారికి రెండోది కావాలి. కాస్త గట్టిగా మీటగానే ధ్వని గరుకెక్కాలనుకునేవారికి అది ఏ హాల్లోనూ ఆ సుఖం ఇవ్వదు.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. ఇక్కడ చిన్న యాంపు గురించి ఉన్న అపోహను తొలగించక తప్పదు. 95 డెసిబెల్స్ స్పీకరుతో ఐదు వాట్లు పూర్తిగా వాడితే ఒక మీటరు దూరంలో 102 డెసిబెల్స్ దాకా వస్తుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ పరిమితి. నిబంధనల మాట అటుంచినా, గోడకు గోడ ఆనుకున్న అపార్ట్‌మెంట్‌లో పక్కింటివారి ఓపికకూ ఒక హద్దుంటుంది. పవర్ ట్యూబులు చిట్లేదాకా పెంచడమే మీ ఉద్దేశమైతే ఐదు వాట్లది కూడా మీ ఇంటికి పెద్దదే. తక్కువ వాల్యూమ్‌లో శుభ్రంగా సాధన చేసుకోవడమే ఉద్దేశమైతే మాస్టర్ వాల్యూమ్ (మొత్తం శబ్దాన్ని విడిగా తగ్గించే మీట) ఉన్న నలభై వాట్లది కూడా నిక్షేపంగా పనికొస్తుంది. ఇంటిని చూసి వాట్లు ఎంచుకోవాలన్న వాదనలో అందరూ అనుకునేంత బలం లేదు.

స్టేజీ సంగతికి వస్తే, మీ చర్చిలో మిక్సరు, సౌండ్ సిస్టం ఉండే ఉంటాయి. కాలేజీ వేడుకల్లో ఎలాగూ ఉంటాయి. స్పీకరు ముందు షూర్ ఎస్ఎం57 వంటి మైకు ఒకటి పెడితే సభకు వినిపించే బాధ్యత సౌండ్ సిస్టంది. యాంపు చేయవలసిందల్లా డ్రమ్ముల పక్కన మీ వాద్యం మీకు వినపడేలా చేయడమే. ఇంకా చెప్పాలంటే సౌండ్ చూసుకునే మనిషికి పెద్ద యాంపే శత్రువు, ఎందుకంటే స్టేజీ మీది గిటార్ శబ్దం పాడేవారి మైకుల్లోకి దూరి మాటలను మింగేస్తుంది. చర్చిలో వాక్యాలు వినపడకపోతే నింద గిటార్ మీదికే వస్తుందని మీకు నేను చెప్పనక్కరలేదు.

కనుక ఐదూ వద్దు, నలభై కూడా వద్దు. పదిహేను నుంచి ఇరవై రెండు వాట్ల మధ్య, పన్నెండు అంగుళాల స్పీకరు, మాస్టర్ వాల్యూమ్ ఉన్నది చూసుకోండి. రెండు ఈఎల్84 ట్యూబులతో నడిచే పదిహేను వాట్ల ఫెండర్ బ్లూస్ జూనియర్, వోక్స్ ఏసీ15 ఈ తరగతిలోనివి. రెండు 6వి6 ట్యూబులతో 22 వాట్లిచ్చే డీలక్స్ రివర్బ్ మరింత మంచిది గాని, దానికి మాస్టర్ వాల్యూమ్ ఉండదు, ఖరీదూ ఎక్కువ. మోయవలసిన బరువును తక్కువ అంచనా వేయకండి. బ్లూస్ జూనియర్ సుమారు 14 కిలోలుంటే ట్విన్ రివర్బ్ దాదాపు 29 కిలోలుంటుంది. మూడో అంతస్తు నుంచి దించి ఆటోలో ఎక్కించి, కార్యక్రమం ముగిశాక అర్ధరాత్రి మళ్లీ పైకి మోసేది మీరే.

మైకు దొరకని చోట, చేయి బరువైన డ్రమ్మరు పక్కన, చిట్లని శుభ్రమైన ధ్వనే కావాలనుకునేవారికి మాత్రం నా జవాబు నలభై వాట్లే. మీ ఉత్తరంలో అటువంటి అవసరం నాకు కనపడలేదు.

ప్రశ్న: పదిహేను ట్యూబ్ వాట్లు యాభై ట్రాన్సిస్టర్ వాట్లతో సమానమని అంటారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: వాటు ఎక్కడైనా వాటే. అయితే యాంపు మీద రాసే అంకెను సాధారణంగా ధ్వని చిట్లడం మొదలయ్యే దశలో కొలుస్తారు. ట్యూబ్ యాంపును ఆ హద్దు దాటించి వాయించినా వినసొంపుగానే ఉంటుంది కనుక వాద్యకారుడు దాటిస్తాడు, అప్పుడు రాసిన అంకె కన్నా ఎక్కువ శక్తే స్పీకరుకు అందుతుంది. ట్రాన్సిస్టర్ యాంపు హద్దు దాటితే కర్ణకఠోరంగా ఉంటుంది కనుక దాన్ని ఎప్పుడూ కిందనే ఉంచుతాడు. ట్యూబ్ యాంపు పెద్దదిగా అనిపించడానికి ప్రధాన కారణం ఇదే. ఒకటికి మూడు అన్న లెక్కకు మాత్రం ఆధారం లేదు.

ప్రశ్న: చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉంటాను. నాలుగు ఈఎల్34 ట్యూబులున్న వంద వాట్ల యాంపు హెడ్డును (స్పీకరు లేని యాంపును), నాలుగు పన్నెండు అంగుళాల స్పీకర్లున్న క్యాబినెట్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వాల్యూమ్ రెండు దాటితే కిటికీలు అదురుతున్నాయి, రెండు లోపల ధ్వని చప్పగా ఉంది. రెండు ట్యూబులు పీకేస్తే సగమవుతుందని ఒకరు చెప్పారు. పీకేయవచ్చా? లేక అమ్మేసి చిన్నది కొనుక్కోవడం మంచిదా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీరు పెళ్లి డేగిసా పొయ్యి మీద పెట్టి ఇద్దరికి వండుకుంటున్నారు. వంద వాట్ల గిటార్ యాంపులు ఎందుకు పుట్టాయో గుర్తు చేసుకుంటే మీ ఇబ్బంది అర్థమవుతుంది. 1960ల మధ్యలో ఇంగ్లండ్‌లో సభలు పెద్దవవుతున్నా గిటార్‌ను సౌండ్ సిస్టం గుండా పంపే పద్ధతి ఇంకా సరిగా లేకపోవడంతో, హాలంతటికీ వినిపించే పని యాంపు మీదే పడేది. ద హూ అనే రాక్ బృందం అడగడంతో మార్షల్ సంస్థ వంద వాట్ల యాంపులు తయారు చేసింది. మీ నాగయ్య కళాక్షేత్రంలోనే కార్యక్రమం ఇచ్చినా ఇప్పుడు ఆ పని సౌండ్ సిస్టం చేస్తుంది.

ట్యూబులు పీకే విషయం. నాలుగింటిలో రెండు తీయడం కొన్ని యాంపుల్లో సాధ్యమే, అయితే నాలుగూ వరుసగా ఉన్నప్పుడు బయటి రెండు గాని, లోపలి రెండు గాని తీయాలి. ఒక పక్కవి రెండూ తీస్తే, రెండు పక్కల ట్యూబులు వంతులవారీగా పనిచేసే పుష్‌పుల్ ఏర్పాటే చెడుతుంది. మిగిలిన రెండింటికి తగిన భారం అందాలంటే వెనక ఉండే ఓమ్స్ (స్పీకరు విద్యుత్ నిరోధం) స్విచ్చును కూడా మార్చి, ఎనిమిది ఓమ్స్ క్యాబినెట్‌కు నాలుగు దగ్గర పెట్టాలి. ఇంత చేసినా మీకు దక్కేది వందకు బదులు యాభై వాట్లు, అంటే 3 డెసిబెల్స్ తగ్గుదల. కిటికీలు ఎప్పటిలాగే అదురుతాయి. ఆ శ్రమ పడకండి.

యాంపుకు, స్పీకరుకు మధ్య పెట్టే ఆటెన్యుయేటర్ అన్న సాధనం ఒకటుంది. అది యాంపు శక్తిలో ఎక్కువ భాగాన్ని వేడిగా మార్చేసి మిగిలిన కొద్దిపాటిని స్పీకరుకు పంపుతుంది. వంద వాట్లను ఒక్క వాటుకు దించితే 20 డెసిబెల్స్ తగ్గుతాయి, ఇంటికి అది నిజమైన ఉపశమనమే. కొనేటప్పుడు దాని ఓమ్స్ మీ యాంపుతో సరిపోవాలి, శక్తి పరిమితి వందకు బాగా పైన ఉండాలి, ఎందుకంటే పూర్తిగా చిట్లుతున్న వంద వాట్ల యాంపు వంద దాటి ఇస్తుంది. ఇక్కడ ఒక నిరాశకు కూడా సిద్ధపడండి. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి కింది స్వరాలను, పై స్వరాలను తక్కువగా పట్టుకుంటుంది, పైగా ఒక్క వాటు నాలుగు స్పీకర్లకు పంచుకుంటే ఏదీ సరిగా కదలదు. స్టేజీ మీద ఒంటికి తగిలే ఆ ధ్వనిని ఇంట్లో ఏ సాధనమూ ఇవ్వదు. ట్యూబులు మాత్రం పూర్తి వేగంతోనే అరుగుతుంటాయి.

ఖర్చు మాట కూడా వినండి. ఒక్కో ఈఎల్34 ట్యూబును వేడెక్కించడానికే 6.3 వోల్టుల దగ్గర ఒకటిన్నర ఆంపియర్లు కావాలి. నాలుగింటికీ కలిపి, ఒక్క స్వరం వాయించకముందే దాదాపు 38 వాట్లు గదిని వేడి చేయడానికే పోతాయి. మే నెలలో చిత్తూరులో ఇది సరదా విషయం కాదు. మార్చవలసి వచ్చినప్పుడు నాలుగూ జత కుదిరినవే తెచ్చుకుని, తెలిసిన మెకానిక్ చేత బయాస్‌ను, అంటే ట్యూబుల్లో ప్రవహించే కరెంటు మట్టాన్ని సరిచేయించాలి. ఒకే పవర్ ట్యూబుతో, తనంతట తానే సర్దుకునే క్యాథోడ్ బయాస్‌తో నడిచే చిన్న యాంపులో పాతది తీసి కొత్తది పెడితే సరిపోతుంది. ఒకప్పుడు బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ రేడియోల కోసం ట్యూబులు తయారు చేసేది. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా స్లొవేకియా, రష్యా, చైనాలలో తయారైనవి. విడిభాగాలకు చెన్నై రిచీ స్ట్రీట్ దాకా వెళ్లే ఓపిక ఉంటే కొంత సులువు.

నా మాట అడిగితే హెడ్డు అమ్మేయండి, క్యాబినెట్ ఉంచుకోండి. మంచి క్యాబినెట్‌కు పదిహేను ఇరవై వాట్ల హెడ్డు తగిలిస్తే చిన్న యాంపు ఎంత నిండుగా పలుకుతుందో మీరే వింటారు. చిన్న యాంపుల మీద ఉన్న చెడ్డపేరులో సగం వాటితో వచ్చే చిన్న స్పీకర్లదే. కొత్త హెడ్డు ఓమ్స్‌ను క్యాబినెట్‌తో సరిచూసుకోండి. స్పీకరు తగిలించకుండా ట్యూబ్ యాంపును ఒక్క నిమిషం కూడా వాయించకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: నేను తిరుపతిలో కర్ణాటక సంగీతం నేర్చుకుంటూ, దాన్ని ఎలక్ట్రిక్ గిటార్ మీద వాయించే ప్రయత్నం చేస్తున్నాను. రాక్ వాయించేవారంతా చిన్న యాంపే మేలంటున్నారు. గమకాలకు కూడా అదే వర్తిస్తుందా?
— ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: వర్తించదమ్మా. ఈ నెల ఉత్తరాల్లో పెద్ద యాంపు నిజంగా అవసరమైనది మీకే.

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు మామూలు మాండలిన్‌ను వదిలి ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకున్నది, మీటిన స్వరం వెంటనే ఆరిపోకుండా గమకం పూర్తయ్యేదాకా నిలవాలనే. మీకూ కావలసింది ఆ నిలుపే. చిట్లే దశకు చేరిన చిన్న యాంపు కూడా స్వరాన్ని నిలబెడుతుంది, కాని మీటు గట్టిదైనా మెత్తనిదైనా ఒకే స్థాయికి అణిచివేస్తుంది. ఒక స్వరం మీద మొదట బలంగా, తరువాత మెత్తగా, చివరికి తీగ లాగడంలోనే పలికించే ఛాయలన్నీ అందులో కరిగిపోతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. చిట్లుతున్న యాంపులోకి ఒకేసారి రెండు స్వరాలు వెళ్తే వాటి పౌనఃపున్యాల మొత్తానికీ, తేడాకూ సమానమైన కొత్త స్వరాలు పుడతాయి. షడ్జమ పంచమాలు కలిసినప్పుడు అవి దాదాపు శ్రుతిలోనే పడతాయి గనుక రాక్ వాయించేవారు వాటిని ఇష్టంగా వాడతారు. అదే ఒక గమకం షడ్జమం తీగ మోగుతుండగా సాగితే, ఆ కొత్త స్వరాలు రాగంలో లేని చోట్లకు జారుతూ పోతాయి. ఇదే కారణంగా శ్రుతిపెట్టెను గాని ఎలక్ట్రానిక్ తంబూరను గాని గిటార్ యాంపులోకి కలపకండి, దానికి వేరే స్పీకరు పెట్టుకోండి.

ముప్పై నలభై వాట్ల యాంపును సగం లోపల ఉంచి వాయించండి. రెండు 6ఎల్6 ట్యూబులతో నలభై వాట్లిచ్చే హాట్ రాడ్ డీలక్స్ వంటిది సరిపోతుంది. ఏసీ కరెంటును డీసీగా మార్చడానికి రెక్టిఫయర్ ట్యూబు ఉన్న వాటి కన్నా సిలికాన్ డయోడ్లున్నవి మీకు నయం, ఎందుకంటే మీటు పడినప్పుడు లోపలి వోల్టేజి కుంగకుండా స్వరం మొదలు స్పష్టంగా వస్తుంది. మహతి వంటి పెద్ద హాల్లో కచేరీ చేసే రోజున సభకు వినిపించే పని సౌండ్ సిస్టందే అయినా, ఈ వాట్లు మీకు కావలసింది శబ్దానికి కాదు కనుక, అక్కడికీ ఇదే యాంపు పట్టుకెళ్లండి. నలభై వాట్లదానికి డబ్బు సరిపోకపోతే, ఇరవై వాట్లకు ఎక్కువ డెసిబెల్స్ ఇచ్చే స్పీకరును జతచేసి మైకు పెట్టించుకోవడం రెండో మార్గం.

ప్రశ్న: మా మేనమామ అమెరికా నుంచి వస్తూ యాంపు తెస్తానంటున్నారు. అక్కడివి మన కరెంటుకు పనిచేస్తాయా? చిన్నది తెప్పించుకుంటే ఇబ్బంది తక్కువా?
— ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్, మనకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నేరుగా తగిలిస్తే యాంపు పోయినట్టే. ముందు వెనక ఉన్న పలకను చూడమనండి. దాని మీద 50, 60 హెర్ట్జ్ రెండూ రాసి ఉంటేనే తెప్పించుకోండి, ఎందుకంటే 60కి మాత్రమే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ 50 దగ్గర ఎక్కువ వేడెక్కుతుంది, వోల్టేజిని దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా ఆ లోపం తీరదు.

ఈ విషయంలో చిన్న యాంపుకు కొంత వెసులుబాటు ఉన్న మాట నిజం. పదిహేను వాట్లలోపు దానికి 300 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ధారాళంగా సరిపోతుంది. వంద వాట్లదానికి ఇంకా పెద్దది, బరువైనది కావాలి. ప్రయాణాల్లో షేవర్లకు వాడే తేలికపాటి కన్వర్టరును దీనికి వాడకండి. సాయంత్రం పూట వోల్టేజి పడిపోయే వీధిలో ఉంటే స్టెబిలైజరు కూడా పెట్టుకోండి, వోల్టేజి బాగా తగ్గితే ట్యూబుల హీటర్లు చాలినంత వేడెక్కవు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎర్త్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌కు మూడు పిన్నుల ప్లగ్గు ఉండి, ఆ ఎర్త్ యాంపు దాకా అందాలి. మీ ఇంటి సాకెట్‌లో మూడో రంధ్రానికి నిజంగా ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. గిటార్ తీగలు యాంపు చాసిస్‌కు (లోహపు చట్రానికి) కలిసి ఉంటాయి కనుక, ఎర్త్ లేని యాంపులో లోపం వస్తే తీగ పట్టుకుని మైకుకు పెదవి తగిలించిన మనిషికి షాక్ కొడుతుంది. హమ్ (గుయ్‌మనే రొద) వస్తోందని ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు కొందరికి ఉంది, ఎవరు చెప్పినా ఆ పని చేయకండి. ప్లగ్గు పీకేసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో మూడు నాలుగు వందల వోల్టులు కొంతసేపు నిలిచి ఉంటాయి. ఈ విషయంలో ఐదు వాట్ల యాంపుకూ మినహాయింపు లేదు, కనుక చిన్నదే కదా అని వెనక మూత మీరే విప్పకండి.